సముద్రం లేని జిల్లావాడు

నేను ఈత నేర్చుకున్నది మోటబాయిల.
నడుముకు ఎండిన సొరకాయ కట్టి
మా చిన్నాయిన ఎనుకనుంచి నూకిండు.
గంతే. నీళ్లతోని నాకు గంతే చుట్టరికం.

ఇయ్యాల ఉమ్ అల్ కువైన్‌ల, జుమ్మా నమాజు అయినంక,
ఒక ఇంటి ఎనుక, ట్రాలీ మీద కూసున్న
ఇరవై రెండు ఫీట్ల ఫైబర్ పడవ ముంగట
చేతులు ఎనుకకు కట్టుకొని నిలబడ్డ,
అంగట్ల ఎద్దు ముంగట మా నాయిన నిలబడ్డట్టు.

ఎద్దయితే నోరు తెరిచి పండ్లు లెక్కపెట్టొచ్చు.
సుడి ఏడుందో చూడొచ్చు.
దీనికేడుంటయి సుడులు?

పొన్నాని షంసు స్క్రూడ్రైవర్ పిడితోని
అడుగంతా కొట్టుకుంట పోయిండు.
టక్కు, టక్కు, టక్కు,
కొత్త కుండను కొట్టి చూసినట్టు.
ఒక్కకాడ మాత్రం, దబ్.
ఆడ చెయ్యి పెట్టి నా దిక్కు చూసిండు.
"లోపల చెక్క నానింది. వద్దు భాయ్."

ఖల్ఫాన్ ముసలాయన దాచలేదు.
"రెండేండ్ల కిందటి వాన. నేనే కప్పలేదు."
డ్రమ్ముల నీళ్లు నింపి ఇంజను తిప్పిండు.
అది దగ్గింది, పొగ ఊసింది, మళ్ల దగ్గింది,
ఆఖరుకు పక్కనుంచి సన్నటి నీటి ధార,
పిలగాడు గోడకు పోసినట్టు, తిన్నగ.
అప్పుడు నవ్విండు షంసు.

సీటు మూత లేపితే లోపల
పెన్నుతోని గీసిన చాపల బొమ్మలు, ఒక్కొక్క దానికి ఒక పేరు:
మర్యమ్ పట్టిన హమూర్, హమద్ పట్టిన షేరీ.
చాపను మూత మీద పండబెట్టి చుట్టూ గీసిండ్రంట.
"ఇప్పుడు రమ్మంటే రారు" అన్నడు ముసలాయన.
ధర చెప్పలేదు. ఖర్జూరపండ్ల పళ్లెం ముంగటికి నూకిండు.

స్వరూప కారు దిగలే.
చిట్టి పైసలు ఆమెవి, కోపమూ ఆమెదే.
"సిరిసిల్లల ప్లాటయితే దినాం పెరుగుతది,
ఇది దినాం కరుగుతది" అన్నది అద్దం దించి.
నేనేం చెప్పుదు?

మొదటి ఆరేండ్లు సముద్రంల రాళ్లు పోసే టిప్పర్ నాది.
గట్టు మీదికెళ్లి చూస్తుంటే
పడవలల్ల పోయేటోళ్లు, పిల్లలు, గొడుగు, పుచ్చకాయ,
మా దిక్కు చేతులూపుతుండిరి.
మేం ఊపకపోతుంటిమి. ఫోర్మన్ చూస్తుండె.

గది ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.
"అందుల నలుగురం పడతమా?" అని ఆమెనే అడిగింది.
అద్దం ఎక్కించేటప్పుడు.

నానిన చెక్కకు రెండు వేలు కొట్టేసిండు ముసలాయన.
కాగితం మీద మాలిక్ అన్నకాడ నా పేరు.
అరబీల 'ఓ' లేదంట, ఓదెలును ఊదీలు అని రాసిండ్రు.
ఏమైతది, ఊదీలే మాలిక్.
పదహారేండ్లల నా పేరు మీద ఇంకొకని పేరు లేని
మొదటి కాగితం అది.

శుక్రవారం మళ్లొచ్చింది.
ర్యాంపు మీదికెళ్లి పడవ జారింది, తేలింది.
సంహిత చప్పట్లు కొట్టింది. చిన్నోడు హారన్ వెతుకుతుండు.
స్వరూప పులిహోర డబ్బను సరిగ్గ
ఆ దబ్ అన్న జాగ మీదనే పెట్టింది.
నేను స్టీరింగ్ పట్టుకున్న, అల్లునోలె.

కాళ్లు చల్లగయినయి.
వంగి చూస్తే చీలమండలదాక నీళ్లు.
ఒడ్డునుంచి షంసు మలయాళంల మొత్తుకుంటుండు.
అడుగు బొక్కకు పెట్టే ఇత్తడి బిరడ
స్వరూప పర్సుల ఉన్నది, తాళంచెవులతోని, భద్రంగ.

చిన్నోడు పర్సు కుమ్మరించిండు. నేను నీళ్లల్ల తడిమి బిరడ తిప్పిన.
ఎవ్వరం మాట్లాడలేదు కొద్దిసేపు.
"ఇంటికచ్చినోళ్లకు ముందుగాల
కాళ్లకు నీళ్లిస్తరు గద" అన్నది స్వరూప
చీర కుచ్చెళ్లు పిండుకుంట.
నవ్వుతుందో తిడుతుందో
ఇంజను చప్పుడుల ఇనబడలే.